నేను విప్పిన శారీ గార్డు

మేడ్చల్‌ల మేం కిరాయికుండే ఇంటి ముందట మూడు బండ్లు పట్టేంత జాగ ఉంటది. ఆదివారం పొద్దున ఓనర్ వాళ్లు కారు తీస్కోని బయటికి పోంగనే ఆ జాగంతా నాదే. పాత గోనెసంచి పరిచి, దాని మీద పానాలు, స్క్రూడ్రైవర్లు పెట్టుకోని కూసుంటుంటి. నాకు తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్న ఒక్క పిచ్చి బండి.

నేను ఇండస్ట్రియల్ ఏరియాల ఒక ప్యాకింగ్ కంపెనీల సూపర్‌వైజర్‌ను. బండి సెకండ్ హ్యాండుది. కొత్తది కొనే తాహతు లేదు గనుక ఉన్నదాన్నే కొత్తగ కనిపిచ్చేటట్టు జేసుడు నేర్చుకున్న. ఫోన్ల వీడియోలు చూస్తుంటి, తుక్కు దుకాణంల సామాన్లు ఏరుతుంటి. పొడుగు హ్యాండిల్ తీసి పొట్టిది ఏసిన. సైలెన్సర్‌కు కాలని పట్టీ చుట్టిన. ట్యాంకును ఎమరీ పేపర్‌తోని రెండు ఆదివారాలు రుద్ది, స్ప్రే డబ్బాతోని మెరుపు లేని నలుపు కొట్టిన. కంపెనీ గేటు కాడ పార్కింగుల నలుగురు ఆగి "ఎక్కడ జేపిచ్చినవే?" అని అడుగుతుంటే, "నేనే జేసుకున్న" అని చెప్పుకునుడుల మస్తు సుఖముండె. రోజంతా డబ్బాలు లెక్కపెట్టే మనిషిని. ఇది నేను జేసిన అని చూపిచ్చుకునేందుకు నాకు ఇంకోటి లేకుండె.

నా భార్య ఇంటికి దగ్గర్లనే ఒక చిన్న బడిల ఎల్కేజీ పిల్లలకు టీచర్. ఆమె గొంతు పెద్దది. మూడో గల్లీల కూరగాయల బండిని ఇంట్ల నుంచే ఆపేది. "మైకు మింగినవా?" అని నేను ఎక్కిరిస్తే, "నలభై మంది పిల్లల ముందట నిలవడి చూడు, తెలుస్తది" అనేది.

ఇగ ఆ ఆదివారం బండి ఎనక భాగం మీద పడ్డ. మడ్‌గార్డును ఆక్సా బ్లేడుతోని సగానికి కోసిన. చైన్ కవర్ తీసేసిన. మిగిలింది శారీ గార్డు, ఎనక టైరు పక్కన ఉండే ఇనుప జాలి. ఎనక కూసున్న ఆడమనిషి చీరగాని చున్నీగాని టైరుల పడకుండ కంపెనోళ్లే బిగిచ్చి ఇస్తరు. వీడియోలల్ల కనిపిచ్చే ఏ బండికీ అది లేదు. దాంతోని బండి పాల డబ్బాలు మోసే బండి లెక్క కొడుతున్నదని నాకు ఎప్పటి నుంచో కోపం.

ఆమె చాయ్ తెచ్చి పక్కన పెట్టింది. నేను బోల్టు తిప్పుతుంటే వంగి చూసింది.

"గిదెందుకు తీస్తున్నవ్?"

"లుక్కు పాడు జేస్తాంది."

"మరి నా చున్నీ టైరుల పడితే?"

"పిన్ను పెట్టుకో. ఒళ్లె పట్టుకోని కూసో. చిన్న పిల్లవా?"

ఒక బోల్టు తుప్పు పట్టి తిరగకపోతే ఆమెనే కొబ్బరినూనె సీసా తెచ్చిచ్చింది. జాలి ఊడొచ్చింది. బోల్టు రంధ్రాల్ల సందులు పూడ్చే పుట్టి నింపి, ఎండినంక పైన నల్లరంగు కొట్టిన. అక్కడ ఎన్నడన్న ఒక జాలి ఉండెనని ఎవరికీ తెల్వకుండ జేసిన. ఆ పనితనానికి నాకు నేనే మురిసిపోయిన.

మూడు నెలలు ఏం కాలేదు. ఏం కాకపోవుడే నన్ను చెడగొట్టింది. మొదట్ల ఆమె ఎక్కినప్పుడల్లా "చున్నీ చూసుకో" అంటుంటి. తర్వాత అనుడు బందైంది.

మా అత్తగారిల్లు శామీర్‌పేట. మామ అక్కడ ఒక ద్రాక్షతోటల ముప్పై ఏండ్లు ట్రాక్టర్ నడిపిండు. తోట పోయి ప్లాట్లు పడ్డంక ఇంటికాడనే ఉంటున్నడు. ఆయనకు కొంచెం పానం బాగలేదంటే ఒక శనివారం పగటిపూట చూడనీకి బయలెల్లినం. ఆమె మామకిష్టమని సర్వపిండి జేసి స్టీలు డబ్బాల పెట్టింది. డబ్బా సంచి ఒళ్లె పెట్టుకునేందుకు ఒక దిక్కుకు కాళ్లేసి కూసున్నది. రింగు రోడ్డు పక్క సర్వీసు రోడ్డు మీద టిప్పర్లు తిరిగి దుమ్ము లేస్తాంది. చున్నీని మొకం సుట్టూ, మెడ సుట్టూ రెండు సార్లు తిప్పి ఎనక ముడేసుకున్నది. ఈ దిక్కు ఆడోళ్లందరూ కట్టుకునేది అట్లనే.

సగం తొవ్వల బండి ఒక్కసారి ఎనకకు గుంజినట్టయ్యింది. చైన్ తెగిందనుకున్న. నా నడుము మీదున్న ఆమె చెయ్యి ఊడింది. బ్రేకు కొట్టంగనే బండి ఒరిగి ఇద్దరం పడ్డం. నా మోకాలు చెక్కుకపోయింది గాని లేచి నిలబడ్డ. ఆమె లేవలేదు. ముడి ఊడిన చున్నీ కొస చైన్‌కూ టైరుకూ నడుమ చుట్టుకపోయింది. ఆమె మెడ టైరుకు జానెడు దూరంల ఉంది. మొకం రంగు మారుతాంది. రెండు చేతులతోని చున్నీని మెడకాడ పట్టుకోని కండ్లు పెద్దగ జేసి నన్ను చూస్తాంది. నోరు తెరిసింది గాని ఏం రాలేదు.

నేను చున్నీని గుంజిన. గుంజిన కొద్దీ మెడకాడి చుట్టు బిగుసుకున్నది. టైరును ఎనకకు తిప్పుదామని చూస్తే తిరగలే. చేతులకు గ్రీసు అంటి బట్ట జారిపోతాంది. పానాలన్నీ ఇంట్ల ఉన్నయి. నా జేబుల ఒక బ్లేడు ముక్క లేదు.

రోడ్డు పక్కన జామకాయలమ్మే అవ్వ ఒకామె ఉరికొచ్చింది. చేతుల కాయలు కోసే కత్తి ఉంది. "జరుగు" అని నన్ను తోసేసి, ఆమె మెడకూ బట్టకూ నడుమ తన రెండు వేళ్లు జొనిపి, ఆ వేళ్ల మీంచే కోసింది. అవ్వ వేలు తెగి రక్తం కారింది. చున్నీ తెగంగనే నా భార్య గొంతుల నుంచి ఒక సప్పుడొచ్చింది. అది ఊపిరా, ఏడుపా నాకు తెల్వదు. అసోంటి సప్పుడు మనిషి గొంతుల నుంచి వస్తదని అప్పటిదాక నాకు తెల్వదు.

ఎవరో ఆటో ఆపిన్రు. అవ్వే ఎక్కిచ్చింది. ఆమె వేలికి కట్టు కట్టిచ్చుకున్నదో లేదో నేను అడగలేదు. తర్వాత రెండు మూడు సార్లు ఆ జాగకు పోయిన. కనబడలేదు.

కొంపల్లిల ఒక దవాఖానల చేర్చినం. గొంతుల మెత్తటి ఎముక పగిలిందన్నరు. ఊపిరాడేందుకు మెడ కింద రంధ్రం జేసి గొట్టం పెట్టిన్రు. డాక్టరమ్మ నన్ను బయటికి పిలిచి, "బతుకుతది, ఆ భయం లేదు. మాట వస్తది. కానీ పాత గొంతు మాత్రం వస్తదనుకోకండి" అన్నది.

మరునాడు పోలీసాయన కాగితం పట్టుకోని వచ్చిండు. మంచం పక్కనే నిలబడి అడిగిండు. మామ, అత్త ఇద్దరూ అక్కడ్నే ఉన్నరు.

"శారీ గార్డు లేదా బండికి?"

"ఉండె సార్. తుప్పు పట్టి ఊడిపోయింది. ఏపిద్దామనుకుంటున్న, ఇంతల..."

ఎంత సాఫుగ వచ్చిందో ఆ మాట. ఆలోచన కూడా చెయ్యలేదు. పోలీసాయన రాసుకున్నడు. నేను మంచం దిక్కు చూసిన. ఆమె మేలుకోనే ఉంది. గొంతుల గొట్టంతోని, రెప్ప కొట్టకుండ నన్నే చూస్తాంది. అంతా విన్నది. కాదననీకి గొంతు లేదు. నాకు ఆ నిమిషంల ఏమనిపిచ్చిందో రాయాలంటే ఇప్పటికీ చెయ్యి ఆగుతది. గొంతు లేదు గదా, బతికిపోయిన అనిపిచ్చింది.

నర్సు ఒక నోటుబుక్కు, పెన్ను ఇయ్యమన్నది. కావల్సింది ఆమె దాంట్ల రాసేది. "నీళ్లు." "తలకింద మెత్త సరిజెయ్యి." "బడికి ఫోన్ జేసినవా?" ఆ నోటుబుక్కు చూస్తే నాకు దడ పుట్టేది. మామ వచ్చి కూసోని పోయినంక ఆమె నిద్రపోయేదాక ఆగి, పేజీలన్నీ తిప్పి చూసేటోణ్ణి. నా మాట ఏమన్న రాసిందా అని. పెండ్లాం గొంతుల గొట్టముంటే దొంగ లెక్క ఆమె పుస్తకం ఎతికిన. ఒకనాడు నడుమ ఒక పేజీ చింపేసి ఉంది. రెండు దినాలు నాకు ముద్ద దిగలేదు. మామ మాత్రం ఎప్పటి లెక్కనే వచ్చి, ఎప్పటి లెక్కనే "తిన్నవా అల్లుడా" అని అడిగిండు.

నెల దాటినంక గొట్టం తీసి ఇంటికి పంపిన్రు. గొంతుల నుంచి గాలి ఎక్కువ, మాట తక్కువ వచ్చేది. ఎండిన ఆకులు తొక్కినట్టు. పక్కన కూసుంటేనే అర్థమయ్యేది. ఇంటికొచ్చిన మూడో దినం నేను అన్నం కలిపి పెడుతుంటే అన్నది.

"పేజీ ఎవరు చింపిన్రని చూస్తున్నవా?"

నేను చూసుడు ఆమెకు ఎరికే.

"నాయిన అడిగిండు. జాలి ఎట్ల పోయిందని. నేనే తీయమన్న, బాగ కనిపిస్తదని నేనే చెప్పిన, అని రాసిచ్చిన. ఆయన చింపి జేబుల పెట్టుకున్నడు."

"నా కోసం గట్ల..." అన్న. కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

"నీ కోసం కాదు." ఊపిరి తీసుకోనీకి ఆగింది. "నాయినకు కోపమొస్తే చెయ్యి ఆగది. నిన్ను ఏమన్న జేస్తే జైలుకు పోయేది ఆయన. ఆ వయసుల. గందుకు రాసిన. నిన్ను కాపాడనీకి నేనేం రాయలే."

ఆమె పళ్లెం దూరం జరిపింది. ఆ దినం నుంచి తన చేత్తోనే తిన్నది.

బడి వాళ్లు రెండు నెలలు ఆగిన్రు. తర్వాత ఆమె పోయి పిల్లల ముందట నిలవడ్డది. ముందు వరుసల పిల్లలు భయపడి ఏడ్చిన్రంట, ఎనక వరుసకు ఇనబడలేదంట. పెద్ద టీచరమ్మ మంచిదే. ఆఫీసుల రిజిస్టర్లు రాసే పని ఇస్తమన్నది. ఆ సాయంత్రం ఆమె ఇంటికొచ్చి, పిల్లల కోసం గీసుకున్న బొమ్మల అట్టలన్నీ సంచిల పెట్టి సజ్జ మీద ఏసింది. ఏడ్వలేదు. నేనే బాత్రూంల నల్లా ఇప్పి ఏడ్చిన.

స్టేషన్ నుంచి బండి తిరిగొచ్చినంక నేను జాలిని మళ్లీ బిగిచ్చిన. పుట్టి పొడిచి తీసి, అవే బోల్టులు అవే రంధ్రాల్ల ఎక్కిచ్చిన. పది నిమిషాల పని. బిగిచ్చినంక బండి పక్కనే సిమెంటు మీద చాలాసేపు కూసున్న. ఆమె వాకిట్ల నిలవడి చూసి లోపలికి పోయింది.

అబద్ధం మాత్రం ఇప్పుకోలేకపోయిన. దసరా వచ్చింది, పోయింది. మామ ఇంటికి పోయినప్పుడల్లా ఆయన నాకు కుర్చీ ఏసి, చాయ్ ఇప్పిచ్చి, పొలాల ధరలు మాట్లాడుతుంటే కుర్చీ కింద ముండ్లున్నట్టు కూసుంటుంటి. ఆఖరికి ఒక మధ్యాహ్నం కంపెనీకి సెలవు పెట్టి ఒక్కన్నే శామీర్‌పేట పోయిన. మామ వాకిట్ల కొడవలి నూరుతున్నడు. నిలవడే చెప్పిన.

"మామా, తుప్పు పట్టి ఊడలేదు. ఆమె తీయమనలేదు. వద్దన్నట్టే అడిగింది. నేనే తీసిన. చూడనీకి బాగలేదని తీసిన."

ఆయన నూరుడు ఆపలేదు.

"నాకు తెలుసు."

"ఆమె చెప్పిందా?"

"బండి చెప్పింది. స్టేషన్‌ల పెట్టిన్రు గదా నీ బండి, పోయి చూసిన. తుప్పుకు ఊడితే బోల్టు కాడ తుప్పుండాలె. గోరుతోని గీకితే పుట్టి వచ్చింది. ముప్పై ఏండ్లు ట్రాక్టర్ కింద పండుకున్నోణ్ణి, నాకు తెల్వదా ఇప్పింది ఏదో, ఊడింది ఏదో?" అప్పుడు తల ఎత్తిండు. "నా బిడ్డ అబద్ధం రాసిస్తే నమ్మినట్టు జేబుల పెట్టుకున్న. నువ్వు ఎప్పుడు వస్తవో చూద్దామని ఊకున్న. చానా దినాలు పట్టింది నీకు."

కాళ్ల మీద పడదామని వంగిన. "లే" అన్నడు, కోపంగ కాదు, అలసిపోయినట్టు. "నీ మీద చెయ్యి చేసుకుంటే నా బిడ్డకు గొంతొస్తదంటే ఆ దినమే చేసుకుందును. ఇగ నా ఇంటికి ఆమెను బండి మీద తీసుకరాకు. బస్సుల రండి. గంతే."

కొట్టి ఉంటే బాగుండు అనుకుంట తిరిగొచ్చిన. ఇంట్ల ఆమెకు చెప్తే, "మంచిది" అన్నది. క్షమిచ్చిందా అని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. అడిగే హక్కు నాకుందని ఇప్పటికీ అనుకోను.

మొన్న మా కంపెనీల కొత్తగ పెండ్లయిన ఒకాయన వచ్చి, "అన్నా, నా బండికి నువ్వే లుక్కు మార్చాలె" అన్నడు. క్యాంటీన్‌ల కూసోబెట్టి మొత్తం చెప్పిన, ఒక్క ముక్క దాచకుండ. ఆయన మొకం చిన్నగ జేసుకోని ఇన్నడు, నా చెయ్యి పట్టుకున్నడు. వారం తర్వాత గండిమైసమ్మ చౌరస్తాల సిగ్నల్ కాడ కనిపిచ్చిండు. బయట ఎక్కడ్నో చేపిచ్చుకున్నట్టుంది. ఎనక భాగమంతా కోసేసి, బోసిగ ఉంది టైరు. భార్య కొత్త చీర కట్టుకోని ఎనక కూసున్నది. నేను అరిచిన, చెయ్యి ఊపిన. హెల్మెట్ల ఆయనకు ఇనబడలేదు. గ్రీన్ సిగ్నల్ పడ్డది, లారీల నడుమకెళ్లి పోయిన్రు.

ఇంట్ల ఇప్పుడు నా భార్య నన్ను పిలవాలంటే రెండు చప్పట్లు కొడుతది. ఒక గదిల నుంచి ఇంకో గదికి కూడా ఆమె గొంతు రాదు.