ఎనిమిదా, ఎనిమిదీ ఏడా?

మల్లయ్యా, నవ్వుడు ఆపు. గేటు కాడ వాచ్‌మన్ అయ్యుండి ఒక్కనాడన్నా టైముకు వచ్చినవా? నా కథ కార్ఖానా అంతా చెప్పుకుంట తిరుగుతున్నవట. తప్పు చేసింది నేను, చెప్పేది గూడ నేనే. చాయ్ తాగుకుంట విను.

పద్నాలుగేండ్లు టైమాఫీసుల అందరి హాజరు రాసిన. చదివింది ఏడో తరగతే. అయినా నా పేరు పక్కన లేటని ఒక్కనాడు ఎర్రసిరా పడలేదు. హాజరు దొంగతనంగ దిద్దినోడు నెల దినాలు గేటు కాడ వాచ్‌మన్ ముందల సంతకం పెట్టాలె అని రూలు తెచ్చింది గూడ నేనే.

మొన్న నాలుగు కంప్యూటర్లు తెచ్చి వైరుతో కలిపిన్రు. టైమాఫీసు, స్టోరు, క్యాంటీను, జీతాల సెక్షను. వీటిల పెద్దది, చిన్నది లేదు, ఒక్క చోట రాస్తే నాలుగు చోట్ల పడ్తది, ఒకటి ఖరాబైతే మూడు కాపాడ్తయి అని ఇంజినీరు సారు చెప్పిండు. పెద్ద లేని ఇల్లు నిలుస్తదా అని మనసుల నవ్వుకున్న. హాజరు నాది, అసలు పెద్ద నా మిషనే అనుకున్న.

సోమారం మలక్‌పేట కాడ సైకిల్ చైను తెగింది. ఏడు నిమిషాలు లేటు. నేను లోపలికి రాంగనే పక్క కుర్చీల ఖాజా భాయ్ ఉన్నదున్నట్టు ఎనిమిదీ ఏడు అని కొట్టిండు. పద్నాలుగేండ్ల పేరు పాయె! ఆయన చాయ్‌కి పోంగనే, దిద్దేది వేరే చోట కనపడొద్దని వైరు పీకిన. ఎనిమిది అని దిద్దిన. పెద్దది చెప్పినట్టే మిగతా మూడు వింటయని మల్ల వైరు పెట్టిన.

క్యాంటీన్ల అన్నం కాడ వడ్డించే పోచమ్మ గరిటె ఆపింది.

"సారూ, మీరు ఎనిమిదికి వచ్చిన్రా, ఎనిమిదీ ఏడుకా? మీ మిషను ఒకటి చెప్తుందట, మా దానితో కలిపి తక్కిన మూడు ఇంకోటి చెప్తున్నయి. పొద్దటి సంది తెర మీద మీ పేరే."

వెనక వరుసోళ్లంతా మెడలు చాపిన్రు. అబద్ధం నాలుక దాకా వచ్చింది. మింగిన.

"ఎనిమిదీ ఏడుకే," అన్న.

మేనేజర్ సారు పోనీ అన్నడు. నేనే వద్దన్న. నోటీసు బోర్డు మీద ఎర్రసిరాతో నా పేరు నేనే రాసి, కింద స్కేలు పెట్టి గీత కొట్టిన. నా రూలు నాకు లేదా?

నిన్న శిక్ష మొదటి దినం. ఇరవై నిమిషాల ముందే వచ్చి గేటు కాడ నిలబడ్డ. సంతకాల పుస్తకమేమో నీ పెట్టెల, పెట్టెకు తాళం, నువ్వు పది నిమిషాలు లేటు. తాపీగ వచ్చి తాళం తీసినవ్, గడియారం చూసినవ్, నా సంతకం పక్కన రాసినవ్: ఎనిమిదీ పది, సారు లేటు.

దిద్దుదామని చెయ్యి లేచింది. పెన్ను జేబుల పెట్టుకున్న.