బీమా దవాఖానాలో ఇద్దరు జపానువాళ్లు

1974 వేసవిలో నన్ను తెనాలి నుంచి పటాన్‌చెరు కార్మిక బీమా దవాఖానాకు మెడికల్ ఆఫీసరుగా బదిలీ చేశారు. హోదా పెద్దదే గానీ దవాఖానా అంటే రెండు గదులు, ఒక వరండా, నేను, కాంపౌండరు యాదగిరి. యాదగిరిది రుద్రారం. రోగుల పేర్లు పిలవడంలో ఆయన గొంతు హైవే మీది లారీ హారన్లతో పోటీ పడేది.

మా నిబంధన సులువు. జీతం ఒక పరిమితి లోపల ఉండి, అందులోంచి బీమా చందా కోత పడే కార్మికుడికి వైద్యమూ మందులూ ఉచితం. పరిమితి దాటినవాడు ఎంత పెద్ద ఆఫీసరైనా బయట చూపించుకోవాల్సిందే. అత్యవసరమైతే మాత్రం ఎవరికైనా ప్రథమ చికిత్స చెయ్యవచ్చు.

ఆ ఏడాది దగ్గర్లోని ఒక ఫ్యాక్టరీకి జపాను నుంచి యంత్రం వచ్చింది. దాన్ని బిగించడానికి ఇద్దరు మనుషులూ వచ్చారు. కిమురా ఇంజనీరు, ముప్పై అయిదేళ్ల పొడగరి, యంత్రం తయారుచేసిన పెద్ద కంపెనీ ఉద్యోగి. ఓనో ఫిట్టరు, యాభై దాటిన పొట్టి మనిషి, ఆ కంపెనీకి విడిభాగాలు చేసిచ్చే చిన్న షెడ్డులో పనివాడు. కిమురాకు ఇంగ్లీషు వచ్చు. ఓనోకు నవ్వడం వచ్చు.

ఫ్యాక్టరీ వాళ్లు ఓనోకు ఇక్కడి ఖర్చులకని కొంత భత్యం ఇచ్చేవారు. టైమాఫీసు గుమాస్తా అత్యుత్సాహంతో ఆయన పేరును కూడా మస్టర్ రోల్లో, అంటే కార్మికుల హాజరు పట్టీలో ఎక్కించి, చందా కోసి, తాత్కాలిక బీమా కార్డు తెప్పించాడు. అలా ఓనో తనకు తెలియకుండానే మా రోగి అయ్యాడు.

ఒకరోజు కార్మికులు ఆయన్ని దాదాపు మోసుకొచ్చారు. దవడ జామకాయంత వాచింది. నేను నోరు తెరవమంటే ఆయన తెరవలేదు. లేచి నిలబడి ప్యాంటు జేబులు రెండూ బయటికి లాగి చూపించాడు.

"పాపం సార్, ఎవడో జేబు కొట్టిండు. పోలీసోళ్లను పిలుద్దామా?" అన్నాడు యాదగిరి.

కిమురాను పిలిపించాం. ఆయన రైల్వే టైంటేబుల్ చదివినంత ప్రశాంతంగా విషయం చెప్పాడు. జపానులో అందరికీ ఆరోగ్య బీమా ఉంది. తనకు కంపెనీ బీమా సంఘం ఉంది కాబట్టి డాక్టరు దగ్గర తనకయ్యే ఖర్చు దాదాపు లేనట్టే. ఓనో షెడ్డులో పనివాళ్లు ముగ్గురే. అలాంటివాళ్లకు ఊరి మునిసిపాలిటీ బీమా. చూపించుకున్న ప్రతిసారీ ఖర్చులో ఒక వంతు సొంతంగా పెట్టుకోవాలి. అందుకే ఆయన డాక్టరు అనగానే జేబు చూసుకుంటాడు.

యాదగిరికి నేను తెలుగులో చెప్పాను. "గిదేంది సార్! పెద్ద జీతమోనికి ఉత్తగ, చిన్న జీతమోనికి పైసలా? గిట్ల ఉల్టా ఉంటదా యాడన్న?"

ఈ మాట మర్యాదగా మార్చి కిమురాకు చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, తనకెప్పుడూ ఆ కోణం తట్టలేదన్నాడు. ఇక్కడ వైద్యం ఉచితమని ఓనోకు చెప్పమన్నాను. ఓనో నమ్మక, మళ్లీ మళ్లీ అడిగించాడు. నమ్మకం కుదిరాక నోరు తెరిచాడు. కదులుతున్న ముందు దవడ పన్ను పీకేశాను.

మర్నాడు పొద్దున క్యూలో మొదటి మనిషి ఓనో. మోకాలు చూపించాడు. తర్వాత ఆనెకాయ. తర్వాత వీపు దురద. ఏళ్ల తరబడి దాచుకున్న రోగాలన్నీ మూటగట్టుకుని ఓడెక్కినట్టున్నాడు. రోజూ వరండాలో "ఓనో!" అని యాదగిరి అరిస్తే, ఇంగ్లీషు తెలిసిన సూపర్వైజర్లు ఏం ప్రమాదం జరిగిందోనని పరుగెత్తుకొచ్చేవారు. ఒకరోజు ఆయన చెవుల్లోంచి గులిమి తీశాం. దాంతో, కిమురా ఇన్నాళ్లూ పక్కన నిలబడి తనను ఏమని గొణుగుతున్నాడో ఓనోకు మొదటిసారి స్పష్టంగా వినిపించింది. కొన్నాళ్లు ఇద్దరికీ మాటల్లేవు.

ప్రారంభోత్సవం దగ్గరపడింది. పెద్దలు వస్తున్నారు, యంత్రం తిరగాలి, ఫిట్టరేమో మా క్యూలో ఉన్నాడు. కిమురా కోపంగా వచ్చి, ఆరోగ్యంగా ఉన్న మనిషిని మీరు రోగిని చేశారన్నాడు. వాదించి వాదించి తలనొప్పి వచ్చి, చివరికి ఒక మాత్ర ఇమ్మన్నాడు.

"మీ జీతం శానా ఎక్కువ సార్. మీకు ఈడ రాదు. బజార్ల కొనుక్కోవాలె," అన్నాడు యాదగిరి.

నేను తర్జుమా చేశాను. కిమురా నమ్మలేదు. నమ్మాక, జీతం తగ్గించమని మా కంపెనీకి రాస్తే కుదురుతుందా అని అడిగాడు. ఆ ముఖంలో వేళాకోళం లేదు.

ప్రారంభోత్సవానికి ముందురోజు వరండా నిండా జనం. యాదగిరి "ఓనో!" అని పిలిచాడు. టోపీ కళ్లదాకా లాక్కున్న పొడుగాటి మనిషి ఒకడు గోడ పక్క నుంచి కాళ్లు ఎడంగా వేస్తూ వచ్చి, ఓనో కార్డు చేతికిచ్చాడు. యాదగిరి కార్డు చూశాడు, మనిషిని చూశాడు, పళ్లు చూశాడు.

"సార్, మొన్న ఓనోకు పన్ను పీకినం గదా? మళ్ల మొలిసింది. మనిషి గూడ మూరెడు పెరిగిండు. మన మందు మస్తు పనిజేస్తున్నది!"

వరండా ఘొల్లుమంది. కిమురా ఎర్రబడి, క్షమాపణగా తమ పద్ధతిలో నడుము వంచబోయి కెవ్వుమన్నాడు. కూర్చునే చోట నిమ్మకాయంత సెగగడ్డ. హైదరాబాదులో నర్సింగ్ హోం ఉంది, గుమ్మంలో కంపెనీ కారూ ఉంది. కానీ ఆ గడ్డతో, ఆ రోడ్డు మీద, అంత దూరం కూర్చుని వెళ్లడం మనిషి వల్ల కాదు. ఓనోయే జాలిపడి కార్డు ఇచ్చి పంపాడట.

ఒళ్లు కాలిపోతోంది, చీము పట్టింది. ఇది అత్యవసరం కిందికే వస్తుందని, ఇంకొకరి కార్డు అక్కర్లేదని చెప్పి, బోర్లా పడుకోబెట్టి గడ్డ కోశాను. వెనకే వచ్చిన ఓనో, కిమురా తల దగ్గర నిలబడి ఆయన కళ్లజోడు పట్టుకున్నాడు. క్యూలో నేర్చుకున్న తెలుగంతా ప్రయోగిస్తూ, "ఏం గాదు, జల్దీ, జల్దీ," అని ధైర్యం చెప్పాడు.

మర్నాడు యంత్రం తిరిగింది. వేదిక మీద అందరూ కూర్చున్నా కిమురా సభ ముగిసేదాకా నిలబడే ఉన్నాడు. ముఖ్య అతిథి అది చూసి కదిలిపోయి, జపానువాళ్ల క్రమశిక్షణ మనమంతా నేర్చుకోవాలని చాలాసేపు మాట్లాడాడు. వెనక వరుసలో యాదగిరి తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు.

కట్టు మార్చుకోవడానికి వచ్చినప్పుడు కిమురా నాకొక సంగతి చెప్పాడు. ఆ పన్ను ఎప్పటి నుంచి నొప్పని ఓనోను అడిగాడట. రెండు శీతాకాలాల నుంచి అన్నాడట. ఆ రెండేళ్లూ ఈ యంత్రం తయారీ కోసం ఇద్దరూ పెద్ద కంపెనీలో ఒకే బల్ల దగ్గర పనిచేశారు. తమ కంపెనీతో ఆ షెడ్డు విషయం మాట్లాడతానన్నాడు. మాట్లాడాడో లేదో నాకు తెలియదు. కొద్ది వారాలకు ఇద్దరూ వెళ్లిపోయారు.

రోగి ఆలస్యంగా వస్తే అశ్రద్ధ అని రాసుకోవడం మా వృత్తిలో అలవాటు. నేను ఆ మాట రాయడం మానేశాను. ఆ తర్వాత జోగిపేటలో పనిచేసినా, సంగారెడ్డిలో పనిచేసినా, "ఎన్నాళ్ల నుంచి?" అని అడిగాక "ఇన్నాళ్లూ ఎందుకు రాలేదు?" అని కూడా అడిగేవాణ్ణి. మొదటి ప్రశ్నకు తడుముకున్నవాళ్లు కూడా రెండోదానికి వెంటనే జవాబు చెప్పేవారు.