వీరయ్య చదవని ఇరవై పేజీలు

నూజివీడు బస్టాండు ఎదురుగా అద్దె పుస్తకాల కొట్టు నడిపిన లక్ష్మీనారాయణ తన జన్మలో ఒక్క డిటెక్టివ్ నవల కూడా చదవలేదు. ఎవరైనా అడిగితే, మిఠాయి కొట్టువాడు మిఠాయి తినడనేవాడు. పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో కొట్టు తెరిచినప్పుడు ఆ నవలలు వచ్చినవి వచ్చినట్టే ఎగిరిపోయేవి. అరవై అయిదు నాటికి గాలి మారింది. కాలేజీ పిల్లల నుంచి కరణంగారింటి కోడళ్ల దాకా అందరికీ వారపత్రికల సీరియళ్లే కావాలి. హత్యలూ దొంగ గడ్డాలూ ఎవరికీ అక్కర్లేకపోయాయి. పబ్లిషర్లు కూడా వాటిని వేయడం తగ్గించేశారు.

వీరయ్య ఒక్కడే వదల్లేదు. మామిడితోట కాపలా మనిషి. రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుని, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివేవాడు. ఆ వేసవిలో జబ్బుచేసి బెజవాడ ఆసుపత్రికి పోతూ, చదువుతున్న పుస్తకం తెచ్చి ఇచ్చేశాడు.

“అక్కడ పోతే మీకు నష్టమండీ. ఇంకో ఇరవై పేజీలే ఉంది. ఎవరికీ ఇవ్వకండి, వచ్చి చదువుకుంటా.”

“నీ పుస్తకం ఎక్కడికీ పోదులే వీరయ్యా” అన్నాడు లక్ష్మీనారాయణ.

నెల తిరక్కుండానే మామిడి వర్తకుడు భాస్కరరావు, బుట్టల్లో కాయల కింద పరచడానికి పాత కాగితాలు కావాలన్నాడు. కొత్త నవలలకి అల్మారాలో చోటు లేదు. డిటెక్టివ్‌లన్నీ కట్టలు కడుతుంటే, వీరయ్య గుర్తుకి పెట్టిన గడ్డిపరక కనిపించింది. లక్ష్మీనారాయణ చెయ్యి ఆగింది. ఆ మనిషి వాలకం చూస్తే తిరిగొచ్చేలా లేడు కదా అనుకున్నాడు. అనుకుని, దాన్నీ కట్టలో పెట్టేశాడు.

వీరయ్య తిరిగొచ్చాడు. కర్ర ఊతంతో, ఎముకల గూడై, నవ్వుతూ వచ్చాడు.

“పుస్తకం ఇవ్వండి. మంచం మీద పడుకుని అదే ఆలోచన. ప్లీడరుగారిని చంపిందెవరో తేల్చుకోవాలి.”

లక్ష్మీనారాయణకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తప్పయిపోయిందని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చి వెనక్కి పోయింది. చెదలు పట్టాయన్నాడు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. “నేను చదివాలే. వంటవాడే చంపింది” అనేశాడు.

వీరయ్య ఆయన ముఖంలోకి చూశాడు.

“వంటవాడు ప్లీడరుగారికంటే ముందే చచ్చిపోయాడు కదండీ” అన్నాడు మెల్లగా.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఆయనకి అదీ చేతకాలేదు. ఈ మనిషి నాలుగు తిట్లు తిట్టిపోతే బాగుండునని మనసులో దండం పెట్టుకున్నాడు.

తల దించుకున్నది మాత్రం వీరయ్యే.

“రాసినాయన మర్చిపోయుంటాడు లెండి. మీరేం చేస్తారు” అని కర్ర అందుకున్నాడు.