బడిదారిలో తుమ్మకంప

ఆ రోజు బళ్ళో ఎక్కాలు రాస్తుంటే నా కుడి అరికాలు సలపడం మొదలుపెట్టింది. కింద పెడితే నొప్పి, ఎత్తితే సలుపు. పొద్దున గుచ్చుకున్న తుమ్మముల్లును నేనే పీకి పారేశాను, పోయిందనుకున్నాను. సగం లోపలే విరిగిందని తర్వాత తెలిసింది.

అప్పుడు నాకు పదేళ్ళు ఉంటాయేమో. సూర్యాపేట నుంచి కోదాడ పోయే పెద్ద సడక్ పక్కన చిన్న ఊరు మాది. బడి పక్క ఊళ్ళో ఉండేది. నడుమ దొర చేను, దాని గట్టు మీద తాతల నాటి కాలిబాట. ఊళ్ళు దొరల మీద తిరగబడిన సంఘం రోజుల్లో దొర భయపడి పట్నం పారిపోయాడు. పోలీసు యాక్షన్ తర్వాత మిలిటరీ వెనకాలే తిరిగొచ్చాడు. వచ్చీ రాగానే ఆ బాటకు రెండు కొసలా తుమ్మకంప కొట్టించాడు. తనను తరిమిన పెద్దవాళ్ళను ఏమీ చేయలేక పిల్లల మీద పడ్డాడు. అడగడానికి పోయిన మా అమ్మతో, "సడక్ ఉన్నది గద, గటు పంపు" అన్నాడు.

సడక్ మీద మిలిటరీ లారీలు. ఒక పక్క లారీ, ఇంకో పక్క గుంత, నడవడానికి జాగా లేదు. ఎదురింటివాళ్ళ లేగదూడను లారీ తొక్కేసిన రోజున అమ్మ తేల్చేసింది.

"లారీ కింద పడేకంటె కంప సందుల దూరుడే నయం బిడ్డా. జర సూసి అడుగెయ్యి."

చూసే అడుగేశాను. అయినా దిగింది.

అమ్మ జిల్లేడు పాలు పిండింది. మా దిక్కు ముల్లు విరిగితే అందరూ చేసే పనే అది. పాలకు ముల్లు దానంతట అదే పైకి తేలుతుందని నమ్మకం. మీద పసుపూ బెల్లమూ కాచి కట్టు కట్టింది. ముల్లు తేలలేదు, కాలు వాచింది. గజ్జల్లో బిళ్ళ కట్టి చలిజ్వరం పట్టుకుంది. సూర్యాపేట దవాఖానలో చీము తీసి డ్రెస్సింగ్ చేశారు. పైన పుండు మానితే ఇంటిల్లిపాదీ సంతోషపడ్డాం. కొన్నాళ్ళకు అక్కడే మళ్ళీ పగిలింది, ఈసారి వాసనతో. "సెప్టిక్ అయింది. మాతోని కాదు, మిర్యాలగూడ తీస్కపోండ్రి" అన్నాడు కాంపౌండర్.

మేనమామ బండి కట్టాడు. దారి పొడవునా ప్రతి కుదుపుకూ దొరను తిట్టాను. నాకు వచ్చిన తిట్లన్నీ అయిపోతే అమ్మనడిగి కొత్తవి నేర్చుకున్నాను.

మిర్యాలగూడ డాక్టరు కోదాడ అవతలి ఆంధ్రా మనిషి. కట్టు విప్పినప్పుడు ముక్కు మూసుకోనివాడు ఆయనొక్కడే.

"జిల్లేడు పాలు పోశారా అమ్మా? దాంతో ముల్లు రాదు, తోలు కాలుతుంది. చీము ఎముక దాకా వెళ్ళింది."

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. పెన్సిలిన్ అని కొత్త మందు వచ్చిందట, గంటల లెక్కన సూదులు పొడిచారు. జ్వరం దిగింది గానీ కాలి చిటికెన వేలు నల్లబడింది.

"వేలు ఇచ్చేస్తే కాలు ఉంటుంది. ఏమంటారు?" అన్నాడు డాక్టరు.

"తియ్యుండ్రి" అన్నది అమ్మ.

క్లోరోఫాం మత్తు దిగాక నా వేలు ఎక్కడని అడిగాను. దాన్ని తీసుకుపోయి దొర అన్నం తినే కంచంలో వేయాలని నా కోరిక. పసిపిల్లకు రావలసిన ఆలోచన కాదంటారు. నాకు మాత్రం ఇప్పటికీ తప్పనిపించదు.

నేను నా కాళ్ళ మీద నడిస్తే నా నెత్తినే బోనం పెట్టి తెస్తానని అమ్మ ముత్యాలమ్మకు మొక్కుకుంది. ముత్యాలమ్మ గుడి బడి పక్కనే. మా ఊళ్ళో మొక్కు ఎవరిదో బోనం పోయే దారి ఎంచుకునేదీ వాళ్ళే. బోనం ఎవరి జాగాలోంచి పోతే వాళ్ళు ఆ దారి శుభ్రం చేయాలి, లేకపోతే అమ్మవారు వాళ్ళింట్లో పోస్తుందని భయం. దొర చెల్లెలు మశూచితోనే పోయింది. మనిషిని లెక్కచేయని దొరకు ఆ తల్లి పేరు చెబితే వణుకు.

బోనాలకు ముందు పెద్దమనుషులు అడిగారు, "ఏ తొవ్వల పోతవ్ బిడ్డా?"

"బడి తొవ్వల" అన్నాను.

బోనాల నాడు నా ముందు నడిచిన డప్పులు కంప దగ్గర ఆగాయి. దొర వచ్చి కంప తీయమని జీతగాళ్ళను కేకేశాడు. అమ్మ అడ్డం నిలబడింది.

"కొట్టించిన చెయ్యే తియ్యాలె దొరా. బోనం ఎండల నిలబడ్డది."

జీతగాళ్ళు కదల్లేదు. దొర చుట్టూ చూశాడు, వంగాడు. కంప పీకుతుంటే అరచేతుల్లో నెత్తురు చిమ్మింది. నా కాలు మండిపోతోంది, అయినా ఆ సంబురం ముందు మంట ఎంత!

"జర పక్కకు జరుగు బిడ్డా, ముల్లు తగుల్తది" అన్నాడు.

"ఎప్పుడో తగిలింది దొరా" అన్నాను.

పండగ అయిపోగానే మళ్ళీ కంప కొట్టిస్తాడని నాకు తెలుసు. అందుకే అందరూ వింటుండగా గట్టిగా అన్నాను, "బడికి పొయ్యేటప్పుడు రోజు గిదే తొవ్వల పోయి తల్లికి సాక పోస్తనని మొక్కిన." అలాంటి మొక్కేమీ లేదు. అమ్మ నా మొహంలోకి చూసింది. తర్వాత దొర వైపు తిరిగి, "అవు, మొక్కింది" అన్నది.

అప్పటి నుంచి నేను తల్లి ముందు సాక పోసే నీళ్ళ చెంబు పట్టుకుని ముందు, ఊరి పిల్లలంతా నా వెనక. బడి లేని రోజున తప్ప ఒక్కనాడూ మానలేదు. దొర అరుగు మీద కూర్చుని చూసేవాడు. ఆ వరస తన కళ్ళబడాలనే నేను కావాలని మెల్లగా నడిచేదాన్ని.

ఇప్పుడు కుంటుతూనే నడుస్తాను, చెప్పు ముందు భాగంలో గుడ్డ కుక్కుకుంటాను. చలికాలంలో ఆ లేని వేలు నొప్పి పెడుతుంది. దొర పోయినప్పుడు కడసారి చూపుకు రమ్మన్నారు, పోలేదు. చచ్చినవాణ్ణి తిట్టకూడదంటారు. నేను తిడతాను.

చదివేవాళ్ళకు ఒక్కటే చెబుతాను. మీ పిల్లలు బడికి పోయే దారిన ఒక్కసారి మీరు చెప్పులు లేకుండా నడవండి. అడ్డం కనబడితే మీరొక్కరే పోయి బతిమాలకండి. పిల్లను వెంటబెట్టుకుని, ఊరంతా చూస్తుండగా, వేసినవాడి చేత్తోనే తీయించండి.