దోమల శాఖలో మౌల్వీ

గుజరాత్‌కు వలసొచ్చి మేముంటున్న గోడాదరాలో మా వీధికి నీళ్ల డ్రమ్ములు తనిఖీ చేయడానికి మున్సిపాలిటీ నుంచి వచ్చే మనిషి ఒక మౌల్వీ. గడ్డం, టోపీ, చేతిలో టార్చిలైటు. డ్రమ్ములోకి వంగి దోమ పురుగులు ఉన్నాయేమోనని వెతికేవాడు. నేను నాలుగో తరగతిలోనే బడి వదిలేసి లూమ్ పనిలో పడ్డవాణ్ని. చదువుకున్నవాళ్లు కనిపిస్తే నా నోరు ఊరుకోదు.

"మౌల్సాబ్, మదర్సాల అన్నేండ్లు చదివింది దీనికేనా? దోమలకు నమాజు నేర్పుతున్నవా ఏంది?"

"నేర్పుతున్న భాయ్. నీకన్న జల్దీ నేర్చుకుంటున్నయ్."

వాళ్ల నాన్నా మా నాన్నా ఒకే షెడ్డులో నేతపని చేశారు. ఇద్దరిదీ కరీంనగర్ వైపే కాబట్టి మా మాటలన్నీ తెలుగులోనే. మదర్సా చదువు ముగించి ఆయన కొన్నాళ్లు మసీదులో పిల్లలకు పాఠం చెప్పాడు. దాంతో ఇల్లు గడవక, పెళ్లయ్యాక ప్రైవేటుగా పదో తరగతి కట్టి, మున్సిపాలిటీలో చేరి, మెల్లగా సూపర్‌వైజర్ అయ్యాడు. ఆఫీసులో ఆయన్ని మౌల్వీ అనేవాళ్లు, మసీదులో సర్కారీ ఆద్మీ అనేవాళ్లు. "రెండు దిక్కుల పరాయోన్నే" అని తనే నవ్వేవాడు.

కరోనా రెండోసారి విరుచుకుపడ్డప్పుడు ఆయన్ని పెద్దాసుపత్రి మార్చురీ దగ్గర పనికి వేశారు. ఎవరి శవం ఏ బండిలో ఎక్కడికి పోవాలో చూసే డ్యూటీ. అక్కడికే నేనూ వెళ్లాల్సి వచ్చింది. నా తమ్ముడు పోయాడు. వాడికి పెళ్లి కాలేదు.

మా ఇళ్లలో పెళ్లికాని వాళ్లను కాల్చరు, పూడుస్తారు. అమ్మ ఒకటే మాట చెప్పి పంపింది: "వాన్ని మంటల పెట్టనియ్యకురా."

మార్చురీ ముందు అడ్డంగా కట్టిన తాడుకు అవతల మౌల్సాబ్ ఒళ్లంతా ప్లాస్టిక్ తొడుక్కుని ఉన్నాడు. కళ్లను బట్టి గుర్తుపట్టి, అమ్మ మాట చెప్పాను.

"మీవోళ్లందరు శ్మశానంల గ్యాస్ పొయ్యికే పోవాలె భాయ్. ఆర్డరు. నా చేతుల లేదు."

"మీ కబ్రస్తాన్ బండిల ఎక్కియ్యి. వానికో టోపీ పెడితే ఎవలకు తెలుస్తది?"

నవ్వించాలని కాదు, ఏడుపు వస్తున్నా నా నోటికి ఆ దారే అలవాటు. ఆయన నవ్వలేదు.

"వేరే పేరు రాయాలె. రేపు మీ అమ్మ వానికి అన్నం పెట్టి ఏ పేరుతోని పిలుస్తది?"

ఆయనే మళ్లీ అన్నాడు, "మావోళ్లకు గూడ తానం చేపియ్యనిస్తలేరు. నీళ్లు కుదరకుంటె మన్ను సాలని మా చదువుల ఉన్నది. చేతులు మన్నుకు తాకిచ్చి శవం సంచి మీద రుద్ది పంపుతున్న. మీకు మన్నే గావాలె గద. మీ అమ్మకు పిడికెడు సాలుతదా, అడుగు."

ఫోన్ చేసి అడిగాను. అమ్మ వద్దనలేదని ఆయనకు చెప్పాను.

గోడ పక్క పూలమొక్కల మడిలోంచి గ్లౌజు చేతులతోనే మట్టి తవ్వాడు.

"మాకాడ మూడుసార్లు పోస్తరు. మీకాడ?"

"మూడే."

బండిలో జిప్పు వేసిన సంచి మీద ఆ మట్టి పోసి తలుపు మూశాడు. తాడుకు ఇవతల నుంచి నాకు ఆయన వీపే కనిపించింది.

ఇంటికొచ్చేసరికి అమ్మ మెట్టు మీద కూర్చుని ఉంది. కొడుకు మట్టిలో కలిసేదాకా స్నానం చేయనని పంతం. జరిగింది చెప్పాను.

"తలకాడ పోసిండా, కాళ్లకాడనా?"

నేను చూడలేదు. ఆయనకే ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి అమ్మకిచ్చాను.

"గుండె మీద పోసిన అమ్మా."

"పొయ్యిల పెట్టినంక ఆ మన్ను గూడ కాలిపాయె గద సాబ్."

ఫోన్‌లో ఆయన వెనక ఎవరో గుజరాతీలో బండి నంబరు అరుస్తున్నారు.

"మన్ను కాలదమ్మా," అన్నాడు చివరికి. "వానితోనే ఉంటది."

అమ్మ ఫోను నా చేతిలో పెట్టింది. నమ్మిందో లేదో నాకు తెలియదు. కొంగుతో మొహం తుడుచుకుని, స్నానానికి నీళ్లు పెట్టమంది.