నైటీల ప్రకటనలో నా నవ్వు

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడాది నల్లగొండలోని ఒక లోకల్ కేబుల్ ఛానల్‌లో చేరాను. పొద్దున్నే కేతేపల్లిలో బస్సెక్కి పోయి, కరెంటు కోతల సమాచారం, పత్తి ధరలు, సంతాప ప్రకటనలు చదివి సాయంత్రానికి ఇల్లు చేరేదాన్ని. మాది కూలి చేసుకుని బతికిన క్రైస్తవ కుటుంబం. బాపు మా చర్చిలో పెద్ద. ఆదివారం ఆరాధనలో పాటలు నేనే పాడేదాన్ని. ఈ గొంతు దేవుడిచ్చిందనేవాళ్లు అందరూ.

ఒకరోజు బట్టల షాపు ప్రకటన వచ్చింది. నైటీలు. తెర మీద మనిషన్నదే లేదు. ఫ్యాను గాలికి హ్యాంగర్ల మీద ఊగుతున్న నైటీలు, అంతే. మాటలు షాపాయనే రాసి పంపాడు: "ఒంటికి మెత్తగా, మనసుకు హాయిగా." నేను చదివితే మా ఓనర్‌కు నచ్చలేదు.

"చావు వార్త సదివినట్టు సదువుతవేందమ్మా? జర నవ్వుకుంట చెప్పు."

ఆ మాటకు నాకు నిజంగానే నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే చెప్పాను.

పది రోజులు తిరగకముందే ఓనర్ నా ముందు ఒక కాగితం పడేశాడు. కలెక్టరేట్‌కు పోయిన ఫిర్యాదు నకలు. ఆ ప్రకటనలో ఆడగొంతు అశ్లీలంగా నవ్వుతోందనీ, సంసారుల ఇళ్లలో టీవీ పెట్టుకోలేకపోతున్నామనీ రాశారు. కింద మా పాస్టరుగారి సంతకం. దాని పక్కనే మా ఊరి గుడి కమిటీ పెద్ద సంతకం. ఒకరి పండుగకు ఒకరు తొంగిచూడని ఆ ఇద్దరూ నా నవ్వు మీద ఒక్కటయ్యారు.

అదే ఛానల్‌లో రోజూ పొద్దున భక్తి కార్యక్రమం అయిపోగానే మగతనం చూర్ణం ప్రకటన వచ్చేది. సగం బట్టలతో ఒక అమ్మాయి మూతి తిప్పుకుని పడుకుంటే, "మీ భార్య మీ వైపు చూడటం లేదా?" అని ఒక మగగొంతు గద్దించేది. దాని మీద ఏ దేవుడి మనిషీ ఒక్క ముక్క రాయలేదు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను ఆపారు. పెద్దలంతా కుర్చీల్లో కూర్చున్నారు. నేను నిలబడ్డాను.

"బిడ్డా, గా నవ్వు ఎవలి కోసం నవ్వినవు?" అని అడిగారు పాస్టరుగారు.

"నవ్వుకుంట చెప్పుమంటే చెప్పిన, అయ్యగారూ. మరి పొద్దుగాల వచ్చే మందు ప్రకటన మీరు సూడలేదా?"

"ఆడపిల్లవు. గసోంటి మాటలు నోట్లకెట్ల వస్తున్నయి నీకు?"

సంఘం ముందు తప్పు ఒప్పుకునేదాకా పాడొద్దన్నారు. బాపు ఆ కుర్చీల్లోనే ఉన్నాడు. తల వంచుకుని చాప అంచు చూస్తున్నాడు.

దారిలో అడిగాను. "ఒక్క మాటన్న అనకపోతివి, బాపూ."

"పది మందిల ఏమంటనే?"

"నేను గూడ గా పది మందిలనే నిలవడ్డ. ఒక్కదాన్నే."

తర్వాత ఆ ఫిర్యాదు మీద కలెక్టరేట్ అధికారులు ఓనర్‌నూ నన్నూ పిలిచారు. అక్కడి మేడమ్ ప్రకటనను కంప్యూటర్‌లో రెండుసార్లు చూసింది. "దీంట్ల ఏమున్నదమ్మా? నైటీలే గదా," అంది. నియమాలకు విరుద్ధంగా ఏమీ లేదని రాసేసింది. నేను ఆగలేక చూర్ణం సంగతి చెప్పాను. ఓనర్ బల్ల కింద నా కాలు తొక్కాడు. "దాని మీద ఫిర్యాదు రాసియ్యుండ్రి, సూస్తం," అంది మేడమ్.

రాశాను. ఆ కాగితం పట్టుకుని నేరుగా పాస్టరుగారి ఇంటికి పోయాను.

"అశ్లీలం వద్దంటిరి గదా. దీని మీద గూడ సంతకం పెట్టుండ్రి, అయ్యగారూ."

ఆయన చదివి వెనక్కిచ్చారు. "గది వైద్యం, బిడ్డా. మందుకూ దీనికీ సంబంధం ఏంది?"

గుడి కమిటీ పెద్ద అయితే చదవను కూడా లేదు. నేనొక్కదాన్నే సంతకం చేసి ఇచ్చాను. చూర్ణం ప్రకటన ఆగింది. దాంతోపాటే నా ఉద్యోగమూ పోయింది. "అన్నం పెట్టే చెయ్యినే కరిస్తివి," అన్నాడు ఓనర్. నైటీల ప్రకటన మాత్రం మళ్లీ వచ్చింది, ఈసారి మగగొంతుతో. అవే మాటలు. నాకన్నా ఎక్కువే నవ్వాడతను. ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

ఇప్పుడు నకిరేకల్‌లో ఒక బడిలో తెలుగు చెబుతున్నాను. మా చర్చిలో మళ్లీ పాడలేదు. మొన్న క్రిస్మస్‌కు ముందు బాపు నసిగాడు. "ఒక్కసారి తప్పయిందని అంటే ఒడిసిపోతది గదనే."

"ఏం తప్పు, బాపూ? నువ్వు చెప్పు. నువ్వు చెప్తే పోయి గదే ఒప్పుకుంట."

బాపు లేచి, చెప్పులేసుకుని, ఒక్కడే చర్చికి పోయాడు.