కొమ్ముల టోపీ వెనకపక్క

మా బామ్మర్ది హరినాథ్‌కు ఏ వస్తువు కనబడినా దాన్ని వెనక్కి తిప్పి చూడందే అన్నం సయించదు. ఇది నేను వెటకారానికి అంటున్న మాట కాదు. ఇరవై మూడేళ్ళుగా పడుతున్న బాధ.

దీనికంతటికీ కారణం మగ్గం. ఎమ్మిగనూరులో తాతల నాటి నుంచి వాళ్ళది చేనేత ఇల్లు. చేతిమగ్గం మీద నేసిన చీరకూ, మరమగ్గం మీద దిగిన నకలుకూ ముందువైపు చూస్తే తేడా తెలియదట, వెనకపక్క పోగులు చూస్తే తెలుస్తుందట. సరే, చీరలతో ఆగాడా? పెళ్ళిపత్రిక చేతికిస్తే ముహూర్తం చదవడు, ముందు వెనక్కి తిప్పుతాడు. హోటల్లో దోసె పెడితే అంచు ఎత్తి కిందివైపు చూస్తాడు. నా పెళ్ళిలో, సరిగ్గా తాళి కట్టే సమయానికి, నా పట్టుపంచె కొస తిరగేసి "బావా, ఇది మరమగ్గం" అన్నాడు. పురోహితుడు మంత్రం ఆపేసి నా పంచె వైపు చూశాడు.

వాడి దురదృష్టమో నా దురదృష్టమో, నాది బట్టల అంగడి. అందులో ఉన్నవి ఎక్కువగా మరమగ్గం చీరలే. నేను దాచను, అలాగని అడక్కముందే చెప్పను. రోజూ పదకొండింటికి హరినాథ్ టీ తాగడానికని వస్తాడు. సరిగ్గా ఆవేళకే ఎవరో ఒకావిడ చీర నచ్చి ఒడిలో పెట్టుకుని ఉంటుంది.

"అక్కా, వెనకపక్క సూసినావా?"

"లేదప్పా. ఏముండాది వెనక?"

"ఏమీ లేదు. ఒకసారి సూడు, అంతే."

ఆవిడ చూస్తుంది. చీర కింద పెడుతుంది. చెప్పులు వేసుకుంటుంది.

"హరీ, నీకు మగ్గం లేదా? ఇంట్లో పని లేదా?" అంటాను నేను.

"ఉండాది బావా. టీ చెప్పు."

ఇంటికి పోయి మా ఆవిడ శశికళతో మొత్తుకుంటే, "వాడు చూడమన్నాడు గానీ కొనొద్దన్నాడా?" అంటుంది. తమ్ముడి మీద ఈగ వాలనివ్వదు.

ఇలా ఉండగా మొన్న ఏప్రిల్‌లో మా అమ్మాయి సుప్రజకు ఆ కష్టం వచ్చింది. కర్నూలులో ఇంజనీరింగ్ చదువుతోంది. మూడో ఏడు పరీక్షలయ్యాక ఏదో కంపెనీవాళ్ళు పిల్లల్ని ఎంపిక చేసుకోవడానికి కాలేజీకి వచ్చారు. ఐదుగురు వరసగా కూర్చుని "నీ గురించి చెప్పు" అన్నారట. దీనికి గొంతు పెగల్లేదు. రెండు నిమిషాలు అలాగే నిలబడి బయటికొచ్చేసింది. వరండాలో ఎవరో నవ్వారట. ఇంటికొచ్చి గది తలుపు వేసుకున్న పిల్ల మళ్ళీ మా మధ్యకు రాలేదు. అన్నం పళ్ళెం లోపలికి పోయేది, ఖాళీ పళ్ళెం బయటికొచ్చేది. జూలైలో కాలేజీ తెరుస్తారు. "నేను పోను" అని ఒక చీటీ రాసి, రాత్రి మేము పడుకున్నాక ఫ్రిజ్ మీద అంటించింది. చదువు పోతే పోయింది, పిల్లే మాకు దక్కకుండా పోతోందేమోనని నాకు భయం పట్టుకుంది.

గదిలో కంప్యూటర్, చెవులకు ఆ పెద్ద హెడ్‌ఫోన్లు, ఒక ఆట. ఎక్కడో మంచు రాజ్యం, అందులో దోర్వా జాతి అని ఒక జనం. తలకు కొమ్ముల టోపీలు, చేతుల్లో గొడ్డళ్ళు, ఒంటి నిండా మురికి. పొద్దున లేస్తే ఎవరినో ఒకరిని నరకడమే పని.

జూన్ మొదట్లో, అన్నం పళ్ళేనికి తలుపు తెరుచుకున్న అదనులో హరినాథ్ ఆ గదిలోకి జొరబడ్డాడు. నేనూ వెనకే పోయాను. వాడు తెర వైపు కాసేపు చూసి, లేచి, వంగి, కంప్యూటర్ వెనకపక్క చూశాడు.

"హరీ, అక్కడ దుమ్ము తప్ప ఏముంటుందిరా!" అన్నాను.

వాడు నన్ను పట్టించుకోలేదు. "పాపా, ఈళ్ళకు వెనకపక్క ఏముండాది? ఎవుర్ని సూసి నేసినారు ఈళ్ళను?"

సుప్రజ తెర మీంచి కళ్ళు తిప్పకుండా "వైకింగులు" అంది. వారం రోజుల్లో ఆ పిల్ల నోట్లోంచి మేము విన్న మాట అదొక్కటే.

రెండు రోజులు హరినాథ్ కనబడలేదు. అంగడిలో నాలుగు చీరలు అమ్ముడుపోయాయి. మూడో రోజు వచ్చాడు, వైకింగు పండితుడై వచ్చాడు. అంతకంటే మరమగ్గం గోలే నయం అనిపించింది.

"అక్కా, వైకింగులంటే ఎవురనుకుంటాండావు?" అని బ్లౌజు పీసు కోసం వచ్చినావిడను పట్టుకున్నాడు. "వెయ్యేండ్ల కింద సలి దేశాల్లో ఉండిన జనం. మా పాప ఆడే ఆటలో దోర్వావోళ్ళుండారే, వాళ్ళు ఈళ్ళకు నకలు. ఆటలోవోళ్ళు పుట్టినాంక తల దువ్వినట్టే లేదు. అసలోళ్ళు సచ్చినా పక్కన దువ్వెన పెట్టి పూడ్సేవాళ్ళంట! వారం వారం నీళ్ళు పోసుకునేవాళ్ళంట. ఏ వారమో తెలుసునా? శనివారం! మన మాదిరే!"

"నాకు ఎర్ర బ్లౌజు కావాలప్పా," అందావిడ.

"ఆటలో ఆడోళ్ళకు ఇనుప రవికెలు తొడిగినారక్కా. అంత మంచులో! జలుబు చెయ్యదా?"

ఆవిడ బ్లౌజు కొనకుండానే పోయింది. వాడికి మాత్రం ఆ ఆటలో ఎన్ని తప్పులుంటే అంత సంతోషం. దోర్వావాళ్ళు సేద్యం చేయరట, అసలువాళ్ళలో ఎక్కువమంది రైతులేనట. దోర్వావాళ్ళు తగాదా వస్తే తలకాయ తెగ్గొడతారట, అసలువాళ్ళు పంచాయితీ పెట్టి గంటల తరబడి వాదించుకునేవాళ్ళట. "మన కమలాపురం పెదమామ మాదిరి మనుషులు బావా," అన్నాడు గర్వంగా.

ఇంత తెలిసినవాడు కొమ్ముల దగ్గర మాత్రం బోల్తాపడ్డాడు. సుప్రజ గది తలుపు ముందర చాప వేసుకుని, జొన్నరొట్టె తింటూ, మూడు రోజులు ఒకటే పాట.

"ఏమన్నా అను బావా, ఆ కొమ్ముల టోపీలు మాత్రం నిజం. ఈళ్ళు కొమ్ములు పెట్టుకునే తిరిగేవాళ్ళు. ఎద్దుకొమ్ములు."

మూడో రోజు తలుపు ధడాలున తెరుచుకుంది.

"లేవు మామా! ఎన్నిసార్లు అంటావు అదే మాట? కొమ్ములు ఎవరో తర్వాత బొమ్మల్లో పెట్టినారు! తవ్వకాల్లో యాడా దొరకలేదు!"

"దొరక్కపోతే లేనట్టా? మా తాత పలుపుతాడు దొరకలేదు, ఆయనకు ఎద్దులు లేనట్టేనా?"

"దానికీ దీనికీ ఏం సంబంధం మామా!"

వసారాలో గంటసేపు కొట్లాడుకున్నారు. చదువుకున్న పిల్లతో ఈ మొండి వాదనేమిటని నేను వాడిని తిట్టాను. శశికళ మాత్రం వంటింట్లో కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. రెండు నెలల తర్వాత కూతురి అరుపు విందట.

కొమ్ముల తర్వాత తెరచాప వచ్చింది. ఆటలో దోర్వా పడవలకు ఏవో రాక్షసపక్షుల రెక్కల తోలు కడతారు. అసలు పడవలకు కట్టింది ఉన్ని బట్ట అని సుప్రజ చెప్పింది. ఆడవాళ్ళు నిలువు మగ్గం ముందు నిలబడి, నిలువు పోగుల పడుగుకు కింద రాళ్ళు వేలాడదీసి, నెలల తరబడి నేసేవాళ్ళట. పడవ చేయడం కంటే తెరచాప నేయడానికే ఎక్కువ కాలం పట్టేదట. ఇది విని హరినాథ్ రొట్టె కింద పెట్టేశాడు.

"సూడు బావా. పడవ ఎక్కి పోయినోళ్ళ పేర్లు పుస్తకాల్లో ఉండాయి. బట్ట నేసినోళ్ళ పేరు యాడుండాది?" అన్నాడు. మొదటిసారి నాకు వాడి మీద సానుభూతి కలిగింది. ఆ సానుభూతి ఒక్క నిమిషమే ఉంది, ఎందుకంటే వెంటనే "పాపా, మనం ఒక తెరచాప సేసి సూద్దాం" అన్నాడు.

నూలు నేసేవాడికి ఉన్ని ఎక్కడిది? కోసిగిలో కంబన్న అని గొర్రెబొచ్చు కంబళ్ళు నేసే ముసలాయన ఉన్నాడు. "నాకు బస్సు బోర్డులు సరిగా కనబడవు, నువ్వు తోడు రా పాపా," అని సుప్రజను లేవదీశాడు. కిలోమీటరు దూరం నుంచి చీర అంచులో తెగిన పోగు కనిపెట్టేవాడికి బస్సు బోర్డు కనబడదట. ఆ పిల్ల చెప్పులేసుకుని గడప దాటింది. మేమిద్దరం కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాం.

కంబన్న అంతా విని, "గాలికి కడతారా? మేము సలికి కప్పుకుంటాం గదప్పా," అన్నాడట. అయినా ఒక కంబళి ఇచ్చాడు. ఉన్నిలోంచి గాలి దూరకుండా అసలువాళ్ళు కొవ్వూ ఎర్రమన్నూ పూసేవాళ్ళని సుప్రజ చెప్పింది. హరినాథ్ సరేనన్నాడు గానీ, ముందు చింతగింజల గంజి పెట్టాలన్నాడు. కంబళికి అలాగే పెడతారు కాబట్టి కంబన్న కూడా వాడి పక్షమే.

"వాళ్ళకు చింతచెట్లే లేవు మామా!"

"అది వాళ్ళ ఖర్మ. గంజి లేని బట్ట బట్టేనా?"

దాంతో మా డాబా మీద రెండు పొరల గంజి, దాని మీద మేకకొవ్వు, దాని మీద ఎర్రమన్ను జాజు. మూడు రోజులు ఆ వాసనకు మా వీధిలో ఎవరూ కిటికీలు తెరవలేదు. ఎండాక అది బట్టలా లేదు, తలుపు చెక్కలా ఉంది.

ఆషాఢం గాలి మొదలైంది. ఆదివారం సంత జరిగే మైదానంలో, ఉగ్గాని బజ్జీ అమ్మే బొజ్జన్న తోపుడుబండికి వెదురుబొంగు కట్టి తెరచాప ఎత్తారు. నాకు అంగట్లో కబురందింది. నేను పరుగెత్తుకుంటూ పోయేసరికి బండి మీద హరినాథ్ నిలబడి ఉన్నాడు, పక్కన సుప్రజ తాడు పట్టుకుని ఉంది. ఒక్క గాలి వచ్చింది. ఆ చెక్కలాంటి కంబళి వంగలేదు, మడతపడలేదు, గాలినంతా పట్టుకుంది. బండి కదిలింది, తర్వాత పరుగెత్తింది. మేకకొవ్వు వాసనకు పదకొండు కుక్కలు దాని వెంటపడ్డాయి.

"మామా, తాడు ఇడువు!"

"తాడు నీ సేతిలోనే ఉండాది పాపా!"

"నా బండి! నా బండి!" అని కుక్కల వెనక బొజ్జన్న.

బండి పోయి ఎవరో ఇల్లు కట్టుకోవడానికి పోసుకున్న ఇసుక కుప్పలో దిగబడింది. సుప్రజ ఇసుకలోకి దూకేసింది, హరినాథ్ కుప్ప అవతల పడ్డాడు. చక్రం ఒకటి విడిగా వెళ్ళిపోయింది. రెండు వందల మంది పోగయ్యారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఏం పాపా, ఏందిది?" అని ఎవరో అడిగారు.

సుప్రజ గడ్డకట్టుకుపోయింది. నాకా ముఖం తెలుసు. ఆ ఐదుగురి ముందు కూడా ఇలాగే నిలబడి ఉంటుంది. మామ వైపు చూసింది. నిద్రలో కూడా నోరు మూయని ఆ మనిషి ఇసుకలో కూర్చుని దవడ పట్టుకుని, మాట్లాడలేనని సైగ చేశాడు. పోనీ నేను చెబుదామని నోరు తెరవబోయాను. వాడు నా ప్యాంటు పట్టుకుని కిందికి లాగాడు. లేపమంటున్నాడనుకుని వంగాను.

"తప్పు... తప్పు గంజిదన్నా," అంది సుప్రజ మెల్లగా.

"ఏం గంజి?"

అంతే. కంబళి గురించి చెప్పింది, తెరచాప గురించి చెప్పింది, ఆటలో దోర్వావాళ్ళ పడవ ఎలా ఉంటుందో, అసలు పడవ ఎలా నడిచేదో ఇసుక మీద పుల్లతో గీసి చూపించింది. "మరి కొమ్ములు పాపా?" అని ఎవరో అడిగితే, "లేవన్నా! ఎవరికీ కొమ్ముల్లేవు!" అని అరిచింది. రెండు వందల మందీ ఘొల్లుమన్నారు. కాలేజీ వరండా నవ్వు గుర్తొచ్చి నేను ముందుకు పోబోయాను. సుప్రజ కూడా నవ్వి, మళ్ళీ చెప్పసాగింది. పావుగంట ఆగకుండా మాట్లాడింది.

జూలై మొదటి వారంలో ఫ్రిజ్ మీది చీటీ తానే చింపేసి కర్నూలు బస్సెక్కింది.

ఆ సాయంత్రం కంబళి తిరిగిద్దామని హరినాథ్ ఇంటికి పోయాను. వాడి భార్య శివలీల మజ్జిగ తేవడానికి లోపలికి పోయింది. మగ్గం పక్కన మేకుకు ఒక కాగితం తగిలించి ఉంది. గళ్ళగళ్ళుగా చీర అంచు డిజైను. ఇరవై మూడేళ్ళ సావాసం ఊరికే పోతుందా, చెయ్యి దానంతటదే కాగితాన్ని వెనక్కి తిప్పింది.

వెనకపక్క వాడి కోడిగీతల రాత. "కొమ్ములు లేవు. ఉండాయని కొట్లాడాల, తలుపు తీసేదాకా." దాని కింద, "బస్సు బోర్డు కనబడదని చెప్పాల." ఇంకా కింద, "గంజి వద్దంటాది. పెట్టాల." అన్నిటికంటే చివర, రెండుసార్లు గీత గీసి, "జనం చేరితే నేను నోరు తెరవకూడదు. బావను తెరవనీయకూడదు. పాపే చెప్పాల."

మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఇంతలో హరినాథ్ వచ్చి, కాగితం నా చేతిలోంచి లాక్కున్నాడు.

"ముందుపక్క అంత మంచి డిజైను గీసినా గదా, అది సూడరాదా? వెనకపక్క నీకెందుకు బావా?" అని విసుక్కున్నాడు.

మరుసటి రోజు పదకొండింటికి మళ్ళీ అంగట్లో దిగాడు. ఒకావిడ ఆకుపచ్చ చీర ఒడిలో పెట్టుకుని మురిసిపోతోంది. వాడు నోరు తెరిచేలోపే, ఏమైందో ఏమో, "అమ్మా, ఒకసారి వెనకపక్క కూడా చూడండి," అన్నాను నేనే. ఆవిడ చూసింది. చీర కింద పెట్టింది. చెప్పులు వేసుకుంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా వాడికి టీ చెప్పాను.